అంపైర్ అమ్ముడుపోయాడా?

మన గల్లీ క్రికెట్ లో ఎల్బీడబ్ల్యూ ఎందుకు ఉండదో ఎప్పుడైనా ఆలోచించారా? ట్రై బాల్ ఉంటుంది, బేబీ ఓవర్ ఉంటుంది, ఎదురింటి గోడ దాటితే అవుట్ ఉంటుంది, బాల్ కాలవలో పడితే ఎవడు దిగి తియ్యాలన్న దానికి కూడా రూలు ఉంటుంది. ఎల్బీ మాత్రం ఉండదు. కారణం అందరికీ తెలిసిందే. అంపైర్ గా నిలబడేది ఎప్పుడూ బ్యాటింగ్ జట్టు వాడే. తన వంతు ఇంకా రాని వాడో, అప్పుడే డకౌటై మొహం మాడ్చుకుని వచ్చిన వాడో. వాడు సొంత జట్టు వాడి మీద వేలెత్తుతాడని పదేళ్ల పిల్లాడు కూడా నమ్మడు. అందుకని మనం అంపైర్ తో పోట్లాడే బదులు రూలునే తీసి పారేశాం.

అంతర్జాతీయ క్రికెట్ నడిపే పెద్దలకి ఇదే సంగతి ఒప్పుకోవడానికి 1877లో మొదటి టెస్టు దగ్గర నుంచి 1992 దాకా, అంటే 115 ఏళ్లు పట్టింది. అంతకాలమూ ఎవరి దేశంలో ఆట జరిగితే వాళ్ల అంపైర్లే ఇద్దరూ. (1912లో ఇంగ్లండ్ లో జరిగిన ముక్కోణపు టోర్నీలో ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ఆడుకుంటుంటే ఇంగ్లీషు అంపైర్లు నిలబడ్డారు. అది ఏర్పాటు వల్ల కుదిరిందే గానీ, తటస్థంగా ఉండాలని ఎవరూ పూనుకుని చేసింది కాదు.)

చరిత్రలోకి వెళ్లే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. 2008 జనవరి 6, ఆదివారం. మాదాపూర్ లో అద్దె ఫ్లాట్, నలుగురు బ్యాచిలర్లం. సిడ్నీ టెస్టు ఆఖరి రోజు. కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన సాంబారు ప్లాస్టిక్ కవర్లోనే చల్లారిపోయింది, ఎవడూ ముట్టుకోలేదు. ఆ టెస్టు చూసినవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మొదటి రోజు సైమండ్స్ 30 పరుగుల దగ్గర ఇషాంత్ బంతికి కీపర్ క్యాచ్ ఇచ్చాడు. శబ్దం మాదాపూర్ దాకా వినపడింది, పిచ్ మీద నిలబడ్డ స్టీవ్ బక్నర్ కి వినపడలేదు. సైమండ్స్ 162 నాటౌట్. ఆఖరి రోజు ద్రవిడ్ బ్యాటు ప్యాడు వెనకాల దాక్కుని ఉంటే, ప్యాడుకి తగిలిన బంతికి క్యాచ్ అవుట్ ఇచ్చాడు. గంగూలీ క్యాచ్ విషయంలో రెండో అంపైర్ మార్క్ బెన్సన్ ఆస్ట్రేలియా కెప్టెన్ ని అడిగి మరీ వేలెత్తాడు. చివరికి మైకేల్ క్లార్క్ 5 బంతుల్లో 3 వికెట్లు తీసేసరికి 122 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఇంకో రెండు ఓవర్లు నిలబడితే డ్రా.

సోమవారం ఆఫీసుకి వెళ్లగానే మెయిల్ లో ఒక బొమ్మ వచ్చింది. బక్నర్ కి నల్ల కళ్లద్దాలు, చేతిలో గుడ్డివాళ్ల కర్ర, జేబులోంచి బయటికి కనపడుతున్న ఆస్ట్రేలియా డాలర్లు. దాన్ని నేను ఓ నలభై మందికి ఫార్వర్డ్ చేశాను. ఊరికే చెయ్యలేదు, పైన నా సొంత కవిత్వం ఒక లైను చేర్చాను. ఆ లైను ఇక్కడ రాయను. అది అతని ఒంటి రంగు మీద. అదే మ్యాచ్ లో మన హర్భజన్ సైమండ్స్ ని కోతి అన్నాడా లేదా అని ప్రపంచమంతా కొట్టుకుంటోంది. మన మీద జాత్యహంకారం నేరం ఎలా మోపుతారు అని నేను అదే రోజు క్యాంటీన్ లో గొంతు చించుకున్నాను. రెండూ ఒకే మనిషి, ఒకే రోజు. అప్పుడు నాకు అందులో వింత ఏమీ కనపడలేదు.

సరే, అసలు విషయానికి వద్దాం. కోడ్ లో బగ్ వేరు, కావాలని పెట్టిన బ్యాక్‌డోర్ వేరు. బయటి నుంచి చూసేవాడికి మాత్రం రెండూ ఒకేలా కనపడతాయి. అంపైర్ తప్పు చేశాడని చెప్పడానికి రీప్లే చాలు. పక్షపాతంతో చేశాడని చెప్పడానికి అతని బుర్రలోకి దూరి చూడాలి. అయినా క్రికెట్ చరిత్ర పొడుగునా జనం మొదటిది చూసి రెండోది అనేస్తూనే ఉన్నారు. నాలాగే.

1956లో పెషావర్ లో జరిగింది వింటే నమ్మబుద్ధి కాదు. ఎంసీసీ 'ఏ' జట్టు పాకిస్తాన్ పర్యటనకి వచ్చింది. ఇద్రీస్ బేగ్ అనే అంపైర్ నిర్ణయాలు వాళ్లకి నచ్చలేదు. ఒక రాత్రి కెప్టెన్ డొనాల్డ్ కార్ తో సహా కొందరు ఆటగాళ్లు ఆయన్ని పట్టుకుని తమ హోటల్ కి తీసుకుపోయి నెత్తిన నీళ్లు గుమ్మరించారు. వాళ్ల దృష్టిలో అది హాస్టల్ ర్యాగింగ్ లాంటి సరదా. తొమ్మిదేళ్ల కిందటే తెల్లవాళ్ల పాలన వదిలించుకున్న దేశంలో, ఒక పెద్దమనిషికి, అందులోనూ అంపైర్ కి! గొడవ ఎంత దూరం పోయిందంటే లండన్ లో ఎంసీసీ అధ్యక్షుడు పర్యటన ఆపేసి జట్టుని వెనక్కి పిలిపిస్తానని, క్షమించమని పాకిస్తాన్ కి కబురు పెట్టాల్సి వచ్చింది.

ఇది మొదట ఎందుకు చెప్పానంటే, అంపైర్ల మీద ఆరోపణ ఎప్పుడూ అంపైరింగ్ గురించి మాత్రమే కాదు. ఇంగ్లండ్ అంపైర్ తప్పు చేస్తే "పాపం పొరపాటు", లాహోర్ అంపైర్ అదే తప్పు చేస్తే "మోసం". ఈ లెక్క చాలా దశాబ్దాలు నడిచింది. అటువైపు వాళ్లకీ ఆ లెక్క తెలుసు, అందుకే అంత మంట.

అలాగని ఉపఖండంలో అందరూ సత్యహరిశ్చంద్రులే అని నేను అనడం లేదు. 1978 నవంబర్ లో సాహివాల్ వన్డే. మనకి 14 బంతుల్లో 23 పరుగులు కావాలి, చేతిలో 8 వికెట్లున్నాయి, క్రీజులో గైక్వాడ్, విశ్వనాథ్. సర్ఫరాజ్ నవాజ్ వరసగా నాలుగు బంతులు బ్యాటుకి అందనంత ఎత్తున బౌన్సర్లు వేశాడు. విశ్వనాథ్ ఎత్తు మీకు తెలుసుగా, నిచ్చెన వేసినా అందవు. పాకిస్తాన్ అంపైర్లు ఒక్కటీ వైడ్ ఇవ్వలేదు. కెప్టెన్ బేడీ ఇద్దరినీ వెనక్కి పిలిచేసి మ్యాచ్ వాళ్లకి వదిలేశాడు. గెలిచే మ్యాచ్ ని నిరసనగా వదులుకోవడం అంతర్జాతీయ వన్డేల్లో అదే మొదలు.

తెల్లదేశాల్లో మాత్రం బాగుందా? 1980 ఫిబ్రవరి, న్యూజిలాండ్ లో డునెడిన్. మైకేల్ హోల్డింగ్ బంతి జాన్ పార్కర్ గ్లవ్ కి తగిలి కీపర్ చేతిలో పడింది. పార్కర్ గ్లవ్ తీసేస్తూ పెవిలియన్ వైపు కదలబోతుంటే అంపైర్ జాన్ హేస్టీ నాటౌట్ అన్నాడు. హోల్డింగ్ వచ్చి అవతలి స్టంప్స్ ని ఒక్క తన్ను తన్నాడు. ఆ ఫోటో చాలామంది చూసే ఉంటారు, ఫుట్‌బాల్ ఆటగాడు కూడా అంత అందంగా తన్నలేడు. న్యూజిలాండ్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. తరవాతి టెస్టు క్రైస్ట్‌చర్చ్ లో. అంపైర్ ఫ్రెడ్ గుడాల్ ని తీసేస్తే గానీ రామని వెస్టిండీస్ వాళ్లు టీ తరవాత డ్రెస్సింగ్ రూమ్ లో కూర్చుండిపోయారు. బతిమాలితే బయటికి వచ్చారు గానీ, కోలిన్ క్రాఫ్ట్ పరిగెత్తుకొస్తూ గుడాల్ ని భుజంతో గుద్దుకుంటూ పోయాడు. ఆ మనిషి ఎత్తు ఆరున్నర అడుగులకి దగ్గర. ఆ సిరీస్ ఓడిన తరవాత వెస్టిండీస్ పదిహేనేళ్ల పాటు ఇంకో టెస్టు సిరీస్ ఓడలేదు. ఆ ఒక్క ఓటమి వాళ్లకి ఎలా అరిగి ఉంటుందో ఊహించుకోండి.

మరుసటి ఏడాది మెల్‌బోర్న్ లో మన గవాస్కర్. లిల్లీ బంతికి ఎల్బీ ఇచ్చాడు రెక్స్ వైట్‌హెడ్. బ్యాటుకి తగిలిందని గవాస్కర్ వాదన. వెళ్తూ వెళ్తూ అవతలి ఎండ్ లో ఉన్న చేతన్ చౌహాన్ ని కూడా తోసుకుంటూ తీసుకుపోయాడు. బౌండరీ గీత దగ్గర మేనేజర్ వింగ్ కమాండర్ దురానీ ఎదురొచ్చి చౌహాన్ ని లోపలికి తరిమాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే కపిల్ 5 వికెట్లు తీసి ఆస్ట్రేలియాని 83కి చుట్టేసిన ఆ గెలుపే ఉండేది కాదు. తనకి పిచ్చెక్కింది ఎల్బీ వల్ల కాదనీ, ఆస్ట్రేలియా ఆటగాళ్లు పొమ్మని తిట్టిన తిట్టు వల్లనీ గవాస్కర్ తరవాతెప్పుడో చెప్పాడు, అలా చేసినందుకు నొచ్చుకున్నాడు కూడా.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పకపోతే అన్యాయం. 1963 డిసెంబర్, బ్రిస్బేన్. ఆస్ట్రేలియా బౌలర్ ఇయాన్ మెకిఫ్ బంతి విసురుతున్నాడని ఒకే ఓవర్లో నాలుగు సార్లు నోబాల్ ఇచ్చింది ఆస్ట్రేలియా అంపైరే, కోల్ ఈగర్. సొంత గడ్డ మీద, సొంత దేశపు ఆటగాడి కెరీర్ ఆ ఒక్క ఓవర్ తో ముగిసిపోయింది. అంటే హోమ్ అంపైర్ అయినంత మాత్రాన అమ్ముడుపోయినట్టు కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

ఇక అన్నిటికీ తలమానికం 1987 డిసెంబర్, ఫైసలాబాద్. దానికి ముందు కథ ఒకటి ఉంది. ఆ వేసవిలోనే పాకిస్తాన్ జట్టు ఇంగ్లండ్ వెళ్లి, డేవిడ్ కాన్‌స్టంట్ అనే అంపైర్ మాకొద్దు, 1982లో మా కొంప ముంచాడు అని అడిగింది. ఇంగ్లండ్ బోర్డు కుదరదంది. మా అంపైర్లు ప్రపంచంలోకెల్లా నిజాయితీపరులు, మీరెవరు చెప్పడానికి అన్నట్టు. నాలుగు నెలలు తిరిగాయి. ఇంగ్లండ్ జట్టు లాహోర్ లో దిగింది. అబ్దుల్ ఖాదిర్ 56 పరుగులకి 9 వికెట్లు. క్రిస్ బ్రాడ్ ని అవుట్ ఇస్తే క్రీజు వదలనని మొండికేశాడు, గూచ్ నచ్చజెప్పి పంపాడు. (ఈ బ్రాడే తరవాత ఐసీసీ మ్యాచ్ రెఫరీ అయ్యి, అంపైర్ తో వాదించిన వాళ్లందరికీ జరిమానాలు వేశాడు!)

అప్పటికే పళ్లు నూరుకుంటున్న ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ గ్యాటింగ్ ఫైసలాబాద్ లో బౌలర్ బంతి వెయ్యబోతుండగా ఫీల్డర్ కి చేత్తో సైగ చేశాడు. స్క్వేర్ లెగ్ లో ఉన్న అంపైర్ షకూర్ రాణా ఆట ఆపేశాడు, ఇది మోసం అన్నాడు. ఇద్దరూ ముక్కు ముక్కు ఆనేటంత దగ్గరకొచ్చి వేళ్లు చూపించుకుంటూ తిట్టుకున్నారు. అదంతా టీవీలో పడింది. క్షమాపణ చెబితే గానీ గ్రౌండ్ లో అడుగు పెట్టనని రాణా కూర్చున్నాడు. మూడో రోజు ఒక్క బంతి కూడా పడలేదు. చివరికి లండన్ నుంచి ఒత్తిడి వస్తే గ్యాటింగ్ ఒక చింపిన కాయితం మీద రెండు ముక్కలు గీకి ఇచ్చాడు. ఆ కష్టానికి గాను ఇంగ్లండ్ బోర్డు ఒక్కో ఆటగాడికి 1000 పౌండ్లు బోనస్ ఇచ్చింది. అంపైర్ ని తిట్టినందుకు బోనస్! మన అప్రైజల్స్ లో కూడా ఇలాంటి కాలమ్ ఒకటి ఉంటే బాగుండు :)

ఇంగ్లండ్ పత్రికలకి ఆ రోజుల్లో షకూర్ రాణా ఒక విలన్. కానీ ఆ పత్రికలు పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. తటస్థ అంపైర్లు కావాలని అందరికంటే గట్టిగా, అందరికంటే ముందు అడిగింది పాకిస్తానే. ఇమ్రాన్ ఖాన్ కి ఈ మాటలు పడి పడి విసుగొచ్చేసింది. ఎన్ని మ్యాచ్ లు గెలిచినా "మీ అంపైర్లు గెలిపించార్లే" అంటుంటే ఆ గెలుపు ఏం రుచి? గ్యాటింగ్ గొడవకి ఏడాది ముందే, 1986 నవంబర్ లో వెస్టిండీస్ తో లాహోర్ టెస్టుకి ఇద్దరు భారతీయ అంపైర్లని పిలిపించారు. పీలూ రిపోర్టర్, ఇంకొకరు మన హైదరాబాద్ వి.కె. రామస్వామి. పాకిస్తాన్ తమ సొంత గడ్డ మీద, తమ మ్యాచ్ లో తీర్పు చెప్పమని భారతీయుల్ని పిలవడం! ఇది మన హైదరాబాద్ లోనే ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

ఆ మ్యాచ్ ఏమైందో తెలుసా? పాకిస్తాన్ 131, 77 పరుగులకి కుప్పకూలి ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయింది. ఇంకొకరైతే ఆ దెబ్బతో ఆలోచన మానుకునేవాళ్లు. వాళ్లు మానుకోలేదు. 1989లో మన జట్టు వెళ్లినప్పుడు సిరీస్ మొత్తానికీ ఇంగ్లండ్ నుంచి జాన్ హాంప్‌షైర్, జాన్ హోల్డర్ లని రప్పించారు. అది సచిన్ మొదటి సిరీస్. వెళ్లింది ఇండియా, ఆడింది పాకిస్తాన్ లో, నాలుగు టెస్టులూ డ్రా, అంపైర్ల మీద చెప్పుకోదగ్గ గొడవ లేదు. ఇంతకంటే పెద్ద ప్రూఫ్ ఆఫ్ కాన్సెప్ట్ ఏం కావాలి?

అయినా ఇంగ్లండ్, ఆస్ట్రేలియా చాలాకాలం పడనివ్వలేదు. మావాళ్లు వృత్తి అంపైర్లు, ఏడాది పొడుగునా ఇదే పని, మంచి అంపైర్లని వాళ్ల దేశంలో నిలబడనివ్వకపోవడం ఏం న్యాయం అనేది వాళ్ల వాదన. పూర్తిగా తీసెయ్యదగ్గ వాదన కాదు, ఆ రోజుల్లో డికీ బర్డ్ లాంటి వాళ్ల నాణ్యత నిజమే. కానీ ప్రశ్న నాణ్యత గురించి కాదు కదా. 1992లో ప్రయోగంగా మొదలుపెట్టి 1994 నుంచి ప్రతి టెస్టుకీ ఒక తటస్థ అంపైర్ ని పెట్టారు. (దానికి స్పాన్సర్ నేషనల్ గ్రిడ్ అనే బ్రిటిష్ కరెంటు కంపెనీ.) 2002లో ఎలైట్ ప్యానెల్ వచ్చి టెస్టుల్లో ఇద్దరూ బయటి దేశాల వాళ్లే అయ్యారు.

మనలాంటి వాళ్లకి ఇక్కడే అసలు మజా. ఐసీసీ తెలియకుండానే ఒక పెద్ద ఏ/బీ టెస్ట్ నడిపేసింది. ఒకే ఆట, అవే దేశాలు, అవే పిచ్ లు. మొదట ఇద్దరు లోకల్ అంపైర్లు, తరవాత ఒకరు, తరవాత సున్నా. లెక్కపెట్టాల్సింది ఎల్బీలు. ఎందుకంటే బౌల్డ్ కి అంపైర్ అభిప్రాయంతో పనిలేదు, క్యాచ్ లలో చాలావాటికీ అంతే. ఎల్బీ ఒక్కటే పూర్తిగా అంపైర్ మనసులో జరిగే అవుట్. వచ్చిన జట్టుకి ఎల్బీలు ఎక్కువైతే అది పిచ్ తెలియకపోవడం వల్ల కూడా కావచ్చు అని పాత రోజుల్లో వాదించేవారు, అదీ సబబే. కానీ పిచ్ తెలియకపోవడం అంపైర్ మారితే మారదు కదా.

అభినవ్ సాచేతి, ఇయాన్ గ్రెగరీ-స్మిత్, డేవిడ్ పేటన్ అని ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు 1986 నుంచి 2012 దాకా 1000 టెస్టుల లెక్క తీశారు. ఇద్దరూ లోకల్ అంపైర్లైతే వచ్చిన జట్టుకి ఇంటి జట్టు కంటే సుమారు 16 శాతం ఎక్కువ ఎల్బీలు. ఒకరు లోకల్, ఒకరు తటస్థమైతే 10 శాతం. ఇద్దరూ తటస్థమైతే తేడా మాయం.

ఈ 16 శాతం అనేది ఒకసారి ఆగి చూడండి. కొనేసిన అంపైర్ అయితే తేడా ఇంత సన్నగా ఉండదు. అలాగని ఇది సున్నా కూడా కాదు. మొదట బగ్, బ్యాక్‌డోర్ అని రెండే చెప్పాను. మూడోది ఒకటుంది. ఎవరూ కావాలని రాయరు, ఏ టెస్ట్ కేసులోనూ పట్టుబడదు, కానీ సగం పైసా వచ్చిన ప్రతిసారీ ఒకే వైపు రౌండ్ చేస్తుంది. ఒక ఇన్వాయిస్ లో కనపడదు. లక్ష ఇన్వాయిస్ లు కలిపితే ఆడిటర్ పట్టుకుంటాడు. ఏ ఒక్క ఎల్బీ చూపించి షకూర్ రాణాని గానీ గుడాల్ ని గానీ నిందితుడని తేల్చలేం. వాళ్లు, కోల్ ఈగర్ లాంటి వాళ్లు, అందరూ కలిసి నిలబడ్డ వందల మ్యాచ్ లు తీస్తే మాత్రం రౌండింగ్ కనపడుతోంది. అరవై వేల మంది ఒక్కసారి అరిస్తే సందేహం ఎటు వాలుతుందో అంపైర్ కే తెలియదు.

నాకు దీని రుచి కొంచెం తెలుసు. కొన్నేళ్ల కిందట మా కంపెనీ టోర్నమెంట్, కార్క్ బాల్, ఎల్బీ రూలు ఉంది, అంపైర్ మాత్రం గల్లీ పద్ధతే, బ్యాటింగ్ జట్టు నుంచే. నేను నిలబడ్డాను. స్ట్రైక్ లో మా మేనేజర్. మిడిల్ స్టంప్ ఎదురుగా మోకాలి కింద తగిలింది. బౌలర్ నా మొహంలోకి తిరిగి అరిచాడు. నేను తల అడ్డంగా ఊపాను. అప్రైజల్స్ దగ్గర్లో ఉన్నాయని మీరు నవ్వుతారు, ఒట్టు, ఆ క్షణంలో అది గుర్తు రాలేదు. నిజంగానే లెగ్ సైడ్ పోతోంది అనిపించింది. సాయంత్రం ఎవడో ఫోన్ లో తీసిన వీడియో చూపించాడు. అంత స్పష్టమైన ఎల్బీ నేను టీవీలో కూడా చూడలేదు. ఆ బౌలర్ అన్న మాట, "అన్నా, నువ్వు మంచోడివి అనుకున్నా". వాడికి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. నేను చూసిన దాంట్లో అబద్ధం లేదు. అదే సమస్య.

ఇక 2002 తరవాత, అంపైర్లిద్దరూ బయటివాళ్లయ్యాక గొడవలు ఆగిపోయాయా? ఆగలేదు సరికదా, ఇంకా పెద్దవయ్యాయి. దేశం బదులు రంగు, ఖండం వచ్చి చేరాయి. ఆస్ట్రేలియాకి చెందిన డారెల్ హెయిర్ సంగతి చూడండి. 1995 బాక్సింగ్ డే టెస్టులో మురళీధరన్ ని 7 సార్లు నోబాల్ ఇచ్చాడు. (విసరడం అనేది కంటికి కనిపించేంత సూటిగా ఉండదని తరవాత ల్యాబ్ పరీక్షల్లో తేలింది. దాదాపు అందరు బౌలర్ల మోచెయ్యీ కొంచెం వంగి సాగుతుందని కెమెరాలు చూపించాకే ఐసీసీ 15 డిగ్రీల హద్దు పెట్టింది.) 2006లో ఓవల్ లో హెయిర్, వెస్టిండీస్ కి చెందిన బిల్లీ డాక్ట్రోవ్ కలిసి పాకిస్తాన్ బంతి గీకిందని 5 పరుగుల పెనాల్టీ వేశారు. ఇంజమామ్ జట్టు టీ తరవాత రాలేదు. అంపైర్లు బెయిల్స్ తీసేసి ఇంగ్లండ్ గెలిచిందన్నారు. 129 ఏళ్ల టెస్టు చరిత్రలో అలా వదులుకున్న మ్యాచ్ అదొక్కటే. విచారణలో బంతి గీకినట్టు రుజువు కాలేదు, రానందుకు ఇంజమామ్ కి నాలుగు వన్డేల నిషేధం. 5 లక్షల డాలర్లిస్తే రాజీనామా చేస్తానని హెయిర్ ఐసీసీకి మెయిల్ రాశాడు, ఐసీసీ దాన్ని బయటపెట్టింది. డాక్ట్రోవ్ ని ఏమీ అనకుండా నన్నే తీసేశారు, ఇది జాతి వివక్ష అని హెయిర్ లండన్ లో కేసు వేసి, మధ్యలో వెనక్కి తీసుకున్నాడు. వివక్ష చూపాడని నింద పడ్డవాడే వివక్ష కేసు వేశాడు! ఆ మ్యాచ్ ఫలితాన్ని ఐసీసీ 2008లో డ్రాగా మార్చింది, 2009లో మళ్లీ ఇంగ్లండ్ గెలుపుగా మార్చింది. రోల్‌బ్యాక్ మీద రోల్‌బ్యాక్.

మనం బాధితులమేనా ఎప్పుడూ? ఆన్‌సైట్ లో ఉన్నప్పుడు నా పక్క క్యూబ్ లో లాహోర్ అతను ఉండేవాడు. నేను ఒకసారి కుంబ్లే 10 వికెట్ల గురించి ఊదరగొడుతుంటే అతను మెల్లిగా అడిగాడు, "అంపైర్ పేరు గుర్తుందా?" నాకు గుర్తు లేదు. వాళ్లకి గుర్తుంది. 1999 ఫిబ్రవరి, ఢిల్లీ. వికెట్ పడకుండా 101 నుంచి పాకిస్తాన్ 207కి ఆలౌట్. అప్పటికి ఒక అంపైర్ వెస్టిండీస్ కి చెందిన స్టీవ్ బక్నర్, రెండోవాడు మన ఎ.వి. జయప్రకాశ్. అఫ్రిది బ్యాటుకి తగల్లేదని తల ఊపుకుంటూ వెళ్లడం రీప్లేల్లో నేను ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారి కూడా కళ్లకి ఎక్కలేదు. కుంబ్లే గొప్పతనం ఇందులో వీసమెత్తు తగ్గదు, అది వేరు. సిడ్నీ సంగతీ అంతే. బెన్సన్ అదే మ్యాచ్ లో బ్యాటుకి తగిలిన బంతికి పాంటింగ్ ని ఎల్బీ ఇచ్చాడు. నా నలభై మంది మెయిల్ లో అది లేదు.

సిడ్నీ తరవాత బోర్డు గొంతెత్తితే పెర్త్ టెస్టు నుంచి బక్నర్ ని తప్పించి బిల్లీ బౌడెన్ ని పెట్టారు. అప్పటికి అతను అయిదు ప్రపంచకప్ ఫైనల్స్ లో నిలబడ్డ అంపైర్. అదే ఏడాది జులైలో శ్రీలంకలో రివ్యూ పద్ధతి మొదటి ప్రయోగం, ఎదురు జట్టు మనదే. మూడు టెస్టుల్లో మన రెఫరల్స్ లో ఫలించింది ఒక్కటి. అంతే, యంత్రాన్ని నమ్మలేం అని మన బోర్డు 2016 దాకా సొంత సిరీస్ లలో డీఆర్ఎస్ కి ఒప్పుకోలేదు. అంపైర్ తప్పులకి అందరికంటే గట్టిగా ఏడ్చినవాళ్లం, తప్పులు దిద్దే పద్ధతికి ఎనిమిదేళ్లు అడ్డం పడ్డాం. ఇంగ్లండ్ ఒకప్పుడు తటస్థ అంపైర్లకి అడ్డం పడినట్టే. 2011 మొహాలీ సెమీఫైనల్ లో అజ్మల్ బంతికి ఎల్బీ అయిన సచిన్ ని ఆ యంత్రమే కాపాడితే మాత్రం మనకి బాగానే ఉంది. ఆ రోజు నుంచి అవతలి వాళ్లు అంపైర్ ని వదిలేసి యంత్రాన్ని అనుమానిస్తున్నారు.

2020లో కోవిడ్ వచ్చి ప్రయాణాలు ఆగిపోతే ఐసీసీ మళ్లీ లోకల్ అంపైర్లకి ఒప్పుకుంది, పరిహారంగా ఇన్నింగ్స్ కి ఒక రివ్యూ పెంచింది. 2021లో ఇంగ్లండ్ ఇక్కడికొస్తే నితిన్ మీనన్, అనిల్ చౌదరి, వీరేందర్ శర్మ, అందరూ మనవాళ్లే. అహ్మదాబాద్ టెస్టు రెండు రోజుల్లో అయిపోయింది. టీవీ అంపైర్ కొన్ని నిర్ణయాలు మరీ తొందరపడి ఇచ్చాడని ఇంగ్లండ్ కెప్టెన్, కోచ్ రెఫరీ శ్రీనాథ్ దగ్గరికి వెళ్లి మాట్లాడారు. ఎవరూ ఎవరినీ గుద్దలేదు, నీళ్లు గుమ్మరించలేదు, మిగతా తిట్లన్నీ పిచ్ తిన్నది.

అదే 2020లో బక్నర్ ఒక ఇంటర్వ్యూలో సిడ్నీ గురించి మాట్లాడాడు. సైమండ్స్, ద్రవిడ్, రెండూ తన తప్పులేననీ, రెండోది బహుశా ఇండియాకి మ్యాచ్ పోగొట్టిందనీ ఒప్పుకున్నాడు. పన్నెండేళ్లు గడిచాక, ఎవరూ అడ్డం పెట్టి అడగకుండానే. అది చదివాక నా పాత మెయిల్ ఒకసారి చూడాలనిపించింది. ఆ కంపెనీ వదిలేసి చాలాకాలమైంది, ఆ మెయిల్‌బాక్స్ ఏ సర్వర్ తో పాటు తుక్కులోకి పోయిందో. ఆ నలభై మందిలో ముగ్గురు నలుగురు ఇంకా ఫోన్ లో ఉన్నారు. అడిగి చూశాను, ఆ బొమ్మ, దాని మీద నేను రాసింది గుర్తుందా అని. ఎవడికీ గుర్తు లేదు. బక్నర్ మాత్రం అందరికీ గుర్తున్నాడు.

"ఎందుకు గుర్తుండడు? డబ్బులు తిని మనల్ని ముంచినోడు కదరా" అన్నాడు ఒకడు.